ఎగుమతుల మీద ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు: నాలుగో వారం కోసమైనా చేరొచ్చు

కోర్సు పేరు, దాన్ని నడిపే సంస్థ పేరు రాయట్లేదు, కింద రెండు మూడు చోట్ల గట్టిగానే తిట్టాను కాబట్టి. ఇలాంటివి ఇప్పుడు బోలెడున్నాయి, సిలబస్ కూడా ఇంచుమించు ఒకటే: వర్ధమాన దేశం ఎగుమతులు ఎలా పెంచుకోవాలి, వాణిజ్య లోటు ఎలా తగ్గించుకోవాలి. నేను చేరింది ఎనిమిది వారాలది. వారానికి మూడు వీడియోలు, ఒక క్విజ్, ఆఖర్న ఒక అసైన్‌మెంట్. పూర్తి చేశాను, సర్టిఫికెట్ కూడా వచ్చింది, సగంలో వదిలేసి రాస్తున్న రివ్యూ కాదిది.

నేను ఎకనామిక్స్ చదవలేదు. దుస్తుల ఎగుమతి సంస్థలో డాక్యుమెంట్లు చూస్తాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు), సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, అన్నిట్లో బయ్యర్ పేరు ఒకేలా ఉందా, ఎల్‌సీలో (లెటర్ ఆఫ్ క్రెడిట్, కాగితాలు సరిగా ఉంటే డబ్బు కడతానని బయ్యర్ బ్యాంకు ఇచ్చే హామీ) సరుకు గురించి రాసిన మాటే ఇక్కడా ఉందా అని కళ్లు నొప్పెట్టేదాకా చూడటం నా ఉద్యోగం. పేర్లో ఒక పదం తేడా వచ్చినా బ్యాంకు డిస్క్రిపెన్సీ అని పట్టుకుంటుంది, డబ్బు ఆగిపోతుంది. అంటే ఒక్కో షిప్‌మెంట్‌కు డాలర్లు ఎలా వస్తాయో నాకు తెలుసు, దేశం మొత్తానికి ఆ లెక్క ఎలా కుదురుతుందో తెలీదు. అది తెలుసుకుందామనే చేరాను.

మొదటి వారం బాగుంది. లోటు అనగానే దివాలా తీసినట్టు మాట్లాడుకుంటాం కదా, ముందు ఆ భయం తీసేస్తారు. ఒక దేశం తన పొదుపు కంటే ఎక్కువ పెట్టుబడి పెడుతుంటే ఆ తేడా బయటి నుంచి రావాల్సిందే, అదే కరెంట్ ఖాతా (దేశానికి బయటి నుంచి వచ్చే రాబడికీ బయటికి కట్టే చెల్లింపులకూ లెక్క) లోటుగా కనపడుతుంది. కాబట్టి లోటు ఎంత అని చూసి ఊరుకోకూడదు, ఆ లోటు పెట్టి ఏం కొంటున్నారో చూడాలి. దక్షిణ కొరియా 1980ల మధ్య దాకా దాదాపు ఏటా లోటులోనే నడిచింది, కానీ ఆ డాలర్లు యంత్రాలకూ ముడిసరుకుకూ వెళ్లాయి, తర్వాత ఆ యంత్రాలే అప్పు తీర్చాయి. రోజువారీ వాడకానికే లోటు పెరుగుతుంటే సంగతి వేరు. ఇదంతా ఇరవై నిమిషాల్లో చెప్పేశారు, ఎక్కడా సాగదీయలేదు.

సాగదీసింది రెండో వారం. కరెన్సీ విలువ తగ్గితే ఎగుమతులు పెరుగుతాయి, దిగుమతులు తగ్గుతాయి అన్న పాఠం. మార్షల్-లెర్నర్ షరతు (ధరలు మారినప్పుడు కొనుగోళ్లు కూడా తగినంత మారితేనే లోటు తగ్గుతుందని చెప్పేది), జె-కర్వ్, గంటన్నర సేపు గ్రాఫులే గ్రాఫులు. జె-కర్వ్ అంటే మరేం లేదు, కరెన్సీ పడగానే లోటు తగ్గదు సరికదా ముందు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆర్డర్లు పాతవే ఉంటాయి, దిగుమతుల బిల్లు మాత్రం అప్పటికప్పుడే బరువెక్కుతుంది, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ దారి మార్చుకోవడానికి నెలలు పడుతుంది, అప్పుడు గానీ గీత పైకి తిరగదు. ఈ మాత్రానికి అన్ని గ్రాఫులెందుకో!

నా అసలు గొడవ వేరే ఉంది. మా కాస్టింగ్ షీటు (ఖర్చుల లెక్క) తీసి చూడండి: బట్ట డాలర్లలో, జిప్పులు డాలర్లలో, లేబుళ్లు డాలర్లలో, ఓడ కిరాయి డాలర్లలో. స్థానిక కరెన్సీలో ఉండేవి కుట్టు కూలి, కరెంటు, అద్దె, ఇంకో నాలుగు చిల్లర ఖర్చులు. కరెన్సీ పడిపోతే మాకు కలిసొచ్చేది ఆ కాస్త భాగం మీదే. అదైనా దక్కుతుందా అంటే, వారం తిరక్కుండానే బయ్యర్ నుంచి మెయిల్ వస్తుంది, మీ కరెన్సీ తగ్గింది కదా, రేటు ఎంత తగ్గిస్తారు అని. ఈ రెండు ముక్కలూ రెండో వారంలో ఎక్కడా లేవు. లైవ్ సెషన్‌లో అడిగితే మంచి ప్రశ్న, తర్వాత చూద్దాం అన్నారు పాఠం చెప్పినాయన. (తర్వాతే చూశారు, కానీ ఆయన కాదు, ఇంకొకాయన.) అలాగని విలువను బలవంతంగా పైన కూర్చోబెట్టాలని నేనూ అనను. 1959లో గ్రోనింగెన్‌లో గ్యాస్ పడ్డాక నెదర్లాండ్స్ కరెన్సీ గట్టిపడి మిగతా ఎగుమతి పరిశ్రమలు ఎలా ఇబ్బంది పడ్డాయో, దానికి డచ్ జబ్బు అనే పేరు ఎలా వచ్చిందో చెప్పిన వీడియో ఒకటుంది. రెండో వారంలో అదొక్కటి చూసి ముందుకెళ్లిపోవచ్చు.

మూడో వారం దిగుమతులు ఆపడం గురించి. పాఠం చెప్పినావిడ గ్రాఫుల జోలికే పోలేదు, నేరుగా శ్రీలంకతో మొదలుపెట్టారు. 2021 ఏప్రిల్ చివర్లో అక్కడ రసాయన ఎరువుల దిగుమతి మీద నిషేధం ప్రకటించారు. సేంద్రియ సాగు కోసమన్నారు, కానీ విదేశీ మారకం అడుగంటుతున్న రోజులవి, ఎరువుల బిల్లు మిగులుతుందన్న లెక్క కూడా అందులో ఉంది. వరి దిగుబడి పడిపోయింది, బియ్యం బయటి నుంచి కొనాల్సి వచ్చింది, దేశానికి డాలర్లు తెచ్చిపెట్టే తేయాకు కూడా దెబ్బతింది. నవంబర్ కల్లా నిషేధం ఎత్తేశారు. 2022లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. ఆ చేతులెత్తేయడానికి పన్నుల కోత, కోవిడ్‌లో పర్యాటకులు రాకపోవడం, పాత అప్పులు, ఇలా చాలా ఉన్నాయి, అంతా ఎరువుల మీదికి నెట్టలేమని ఆవిడే చెప్పారు. కానీ ఒక దిగుమతిని ఆపితే అది ఎగుమతి గొంతు ఎలా పట్టుకుంటుందో ఇంతకంటే సూటిగా చూపించే ఉదాహరణ నాకు తట్టదు.

తర్వాతి వీడియోలో దీన్నే సిద్ధాంతంగా చెప్పారు. దిగుమతి మీద వేసే సుంకం చివరికి ఎగుమతి మీద వేసిన పన్నులాగే పనిచేస్తుందని 1936లో అబ్బా లెర్నర్ అనే ఆర్థికవేత్త చూపించారట. వినగానే అదెలా అనిపిస్తుంది. దిగుమతులు తగ్గితే డాలర్లకు గిరాకీ తగ్గుతుంది, స్థానిక కరెన్సీ గట్టిపడుతుంది, ఎగుమతి చేసేవాడి చేతికి అదే డాలరుకు తక్కువ వస్తుంది. పైగా సుంకం చాటున ఉన్న వ్యాపారంలోనే లాభం కనపడుతుంటే డబ్బూ మనుషులూ అటే పోతారు. ఈ వీడియో రెండుసార్లు చూశాను.

దిగుమతి తగ్గించడమంతా తప్పే అన్న ధోరణి కూడా లేదు, అది నచ్చింది. చమురు కొనుక్కునే దేశాలకు లోటులో పెద్ద వాటా దానిదే కాబట్టి అక్కడ చేయగలిగింది చాలా ఉందన్నారు. వర్షాలు లేని ఏడాది ఉరుగ్వేలో జలవిద్యుత్తు పడిపోయి చమురు కొనాల్సి వచ్చేది. ఆ దేశం 2008 తర్వాత వరసగా గాలిమరలు నిలబెట్టి, ఇప్పుడు కరెంటు చాలావరకు నీళ్లూ గాలీ మీదే నడుపుకుంటోంది. చెరకు నుంచి ఇథనాల్ తీసే బ్రెజిల్ పథకం 1975 నాటిది. ఇతియోపియా అయితే 2024లో పెట్రోలు, డీజిలు కార్ల దిగుమతే ఆపేసింది. ఇలా తగ్గించుకుంటే ఎగుమతి ఫ్యాక్టరీకి వెళ్లే ముడిసరుకుకు ఆటంకం రాదు, తేడా అక్కడుంది.

ఇక నాలుగో వారం. నాకు ఈ కోర్సంటే ఇదే.

కథ బంగ్లాదేశ్‌ది. 1974లో మల్టీ ఫైబర్ ఒప్పందం వచ్చాక కొరియా లాంటి దేశాలు ధనిక దేశాలకు పంపే దుస్తుల మీద కోటాలు పడ్డాయి. కోటా బాధ లేని చోటు వెతుక్కుంటూ కొరియా కంపెనీ దేవూ, బంగ్లాదేశ్‌లో దేశ్ గార్మెంట్స్ అనే సంస్థతో చేతులు కలిపింది. 1979లో 130 మంది కొరియా వెళ్లి, బుసాన్ ఫ్యాక్టరీలో నెలల తరబడి ఉండి పని నేర్చుకుని వచ్చారు. తర్వాతి ఏళ్లలో వాళ్లలో చాలామంది దేశ్ వదిలేసి సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, లేదా పెట్టినవాళ్ల దగ్గర చేరారు. ఆ సంస్థకు అది నష్టమే, కానీ పని దేశమంతా పాకింది అలాగే. అప్పట్లో జనపనారే ప్రధాన ఎగుమతిగా ఉన్న దేశానికి ఇప్పుడు ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే.

ఈ కథ చాలా చోట్ల చెప్తారు, చెప్పి శిక్షణ గొప్పదనం గురించి ఒక మాటనేసి ఆపేస్తారు. ఈ వారం పాఠం చెప్పినాయన ఆపలేదు. పని నేర్చుకుని వచ్చినవాడికి బట్ట కొనడానికి డాలర్లు ఎవరిస్తారు అని అడిగారు. అప్పుడు వచ్చింది బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ. నేను రోజూ చేసే పని, ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. విదేశీ బయ్యర్ మన పేరు మీద ఎల్‌సీ తెరుస్తాడు. దాన్ని మన బ్యాంకుకు చూపించి, దాని బలం మీద బట్ట అమ్మే మిల్లు పేరున ఇంకో ఎల్‌సీ తెరిపిస్తాం. చేతి డబ్బు అక్కర్లేదు. బట్ట వచ్చి బాండెడ్ గోడౌన్‌లో దిగుతుంది, ఎగుమతికే వాడతామన్న షరతు మీద సుంకం ఉండదు. కుట్టి ఓడెక్కించాక బయ్యర్ డబ్బు వస్తే అందులోంచి మిల్లుకు కట్టేసి మిగిలింది మనం తీసుకుంటాం. ఆస్తిపాస్తులు లేనివాడు కూడా ఆర్డరు చేతిలో ఉంటే ఫ్యాక్టరీ నడపగలిగాడంటే ఈ రెండు ఏర్పాట్ల వల్లే. బ్యాంకు నియమం ఒకటి, కస్టమ్స్ నియమం ఒకటి, రెండూ ప్రభుత్వం కాగితం మీద చేయగలిగినవే.

ఇది వింటుంటే మా దగ్గర జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. జాకెట్ల ఆర్డరు, కటింగ్ అయిపోయింది, కుట్టు సగం దాటింది, బయటి దేశం నుంచి రావాల్సిన జిప్పుల పెట్టెలు పోర్టులో ఆగిపోయాయి. ఎందుకంటే ఇన్‌వాయిస్‌లో రాసిన సరుకు కోడ్ ఒకటి, ఆఫీసరు ఉండాలన్న కోడ్ ఇంకొకటి. చూస్తే ఆ పెట్టెలు ఒక మనిషి రెండు చేతులతో మోసేంత. పదకొండు రోజులు తిరిగాం. ఈలోగా జిప్పు లేని జాకెట్లు టేబుళ్ల నిండా పేరుకుపోయాయి, లైన్లు ఖాళీ. ఓడ తప్పిపోయింది. చివరికి సరుకంతా విమానంలో పంపాం, కిరాయి మా నెత్తినే పడింది, ఆ ఆర్డరులో లాభమన్నది లేకుండా పోయింది. ఆపినవాళ్లు నాలుగు జిప్పుల దిగుమతిని ఆపామనుకుని ఉంటారు, ఆగింది మాత్రం కంటైనరు ఎగుమతి.

అదే వారంలో కొరియా ప్లైవుడ్ కూడా వస్తుంది. 1960ల్లో కొరియా పెద్ద ఎగుమతుల్లో ప్లైవుడ్ ఒకటి, దానికి కావాల్సిన దుంగలేమో ఆగ్నేయాసియా నుంచి దిగుమతి. ఎగుమతికి వాడే ముడిసరుకుకు సుంకం మినహాయింపు, ఎగుమతి ఎల్‌సీ చూపిస్తే అప్పు, అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ స్వయంగా కూర్చునే నెలవారీ ఎగుమతి సమావేశాలు. 1964లో 10 కోట్ల డాలర్లు దాటిన ఎగుమతులు 1977లో 1,000 కోట్ల డాలర్లకు చేరాయి. అయితే కొరియాలో అణచివేత, కార్మికుల జీతాలు, పని గంటలు ఎలా ఉండేవన్నది ఒక్క వాక్యంలో తేల్చేశారు, అది నాకు నచ్చలేదు.

ఇంకో మంచి లెక్క కూడా ఇక్కడే ఉంది. చొక్కా వంద డాలర్లకు ఎగుమతి అయ్యి అందులో అరవై దిగుమతి బట్టదే అయితే దేశానికి మిగిలేది నలభై. అందుకని లోటు తగ్గాలంటే ఎగుమతి మొత్తం పెరిగితే చాలదు, ఆ నలభై కాస్తా యాభైకి పెరగాలి. అలాగని బట్ట దిగుమతి ఆపేస్తే ఆ నలభై కూడా పోతుంది. బంగ్లాదేశ్‌లో అల్లిక బట్టల విభాగంలో నూలూ బట్టా చాలావరకు లోపలే తయారవడం మొదలైంది, ఎందుకంటే కొనే ఫ్యాక్టరీలు అప్పటికే పక్కన వరసగా ఉన్నాయి. గిరాకీ ముందు, మిల్లు తర్వాత.

ఐదో వారం పోర్టులు, ప్రమాణాలు. 2010లో అచ్చయిన ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రకారం సరుకు ఓడెక్కడానికి పట్టే సమయంలో ఒక్క రోజు ఆలస్యం వాణిజ్యాన్ని 1 శాతానికి పైగా తగ్గిస్తుంది. జిప్పుల కథ తర్వాత నేను దీన్ని నమ్మడానికి పెద్దగా ఆలోచించలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది, కస్టమ్స్ కాగితాలు తగ్గించడం దాని పని. ప్రమాణాల గురించి 1997లో యూరప్ సంఘం బంగ్లాదేశ్ రొయ్యల్ని ఆపేసిన ఉదాహరణ చెప్పారు, శుభ్రత సరిగా లేదని. ప్లాంట్లు బాగుచేసుకున్నాక మళ్లీ తీసుకున్నారు. టెస్టింగ్ ల్యాబు పెట్టడం కూడా ఎగుమతి విధానమే అని అర్థమవుతుంది.

కానీ ఈ వారంలో ఒక స్లైడు తప్పు. ఎల్‌సీ కింద డాక్యుమెంట్లు పరిశీలించడానికి బ్యాంకుకు ఏడు పనిదినాలు అని రాశారు. అది పాత యూసీపీ 500 (ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళి) నాటి మాట. 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600లో ఐదు. రాసి పంపాను. మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు అని జవాబొచ్చింది, స్లైడు ఈరోజుకీ అలాగే ఉంది.

ఆరో వారం ముడిసరుకు అమ్మొద్దు, తయారు చేసి అమ్మండి అన్న పాట. కాఫీ మీద చెప్పింది బాగుంది: ఐరోపా సమాఖ్యలో పచ్చి గింజకు సాధారణ సుంకం సున్నా, వేయించినదానికి 7.5 శాతం, పేద దేశాలకు ఆ సుంకం కూడా చాలావరకు ఉండదు, అయినా వేయించిన కాఫీ ఎగుమతిలో జర్మనీ పెద్ద పేరు. గింజ పండని దేశం! వేయించాక త్వరగా వాసన పోతుంది కాబట్టి తాగేవాళ్లకు దగ్గర్లో ఉండాలి, బ్లెండ్‌కు నాలుగు దేశాల గింజలు కలపాలి, అంటే మళ్లీ దిగుమతే. ఇండోనేసియా 2020 జనవరి నుంచి నికెల్ ఖనిజం ఎగుమతి ఆపేసి శుద్ధి ఫ్యాక్టరీలను తన దగ్గరికే రప్పించుకున్న సంగతిని మాత్రం అందరూ అనుసరించదగ్గ దారిలా చూపించారు. నికెల్ ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం ఉన్న దేశం చేయగలిగింది చిన్నాచితకా దేశాలు ఎలా చేస్తాయి? కొనేవాడు పక్క దేశానికి పోతాడు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఏడో వారం విదేశీ పెట్టుబడి, ప్రత్యేక ఆర్థిక మండలాలు. కోస్టారికాలో ఇంటెల్, వియత్నాంలో శాంసంగ్, తెలిసిన కథలే. ఇంటెల్ 2014లో కోస్టారికాలో చిప్‌ల అసెంబ్లీ పని ఆపి ఆసియాకు తరలించినా ఆ దేశం నిలదొక్కుకుంది, వైద్య పరికరాలు ఇప్పుడు దాని ప్రధాన ఎగుమతి. ఎనిమిదో వారం గురించి రాయడానికి ఏమీ లేదు, భవిష్యత్తు మీదే అన్న తరహా ప్రసంగం. ఆ సమయం సేవల ఎగుమతులకు ఇచ్చి ఉంటే బాగుండేది. ఫిలిప్పీన్స్ సరుకుల్లో భారీ లోటులో ఉంటూ కాల్‌సెంటర్ల ఆదాయంతో, విదేశాల్లో పనిచేసేవాళ్లు పంపే డబ్బుతో చాలావరకు పూడ్చుకుంటుంది, దాని మీద మొత్తం కోర్సులో నాలుగు నిమిషాలు.

చివరి అసైన్‌మెంట్: ఏదైనా ఒక వస్తువు తీసుకుని దాని ద్వారా లోటు తగ్గించే మార్గం రాయాలి. దీనికి ట్రేడ్ మ్యాప్ వాడమన్నారు, జెనీవాలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్ నడిపేది, ఏ దేశం ఏది ఎవరికి అమ్ముతోందో హెచ్‌ఎస్ కోడ్ (ఒక్కో రకం సరుకుకు ఉండే అంతర్జాతీయ నంబరు) వారీగా చూపిస్తుంది. ఒక దేశం లెక్కలు ఇవ్వకపోతే దానితో వ్యాపారం చేసిన దేశాల లెక్కల్లోంచి తీసి చూపిస్తుంది. కోర్సు వల్ల నాకు దొరికిన మంచి అలవాటు ఇదే, ఇప్పుడు ఆఫీసులో కూడా తెరుస్తున్నాను.

ఎవరికి పనికొస్తుందంటే, ఎగుమతి పనిలో ఉండి పెద్ద బొమ్మ తెలియనివాళ్లకు. ఎకనామిక్స్ చదివినవాళ్లకు మొదటి మూడు వారాలు తెలిసిందే. వీడియోలు కోర్సు అయిపోయిన ఆరు నెలల దాకే ఉంటాయి, నాలుగో వారంవి ముందే దింపుకోండి. సబ్‌టైటిళ్లలో ఎల్‌సీని ప్రతిసారీ ఎల్‌ఐసీ అని వేశారు, అలవాటైపోతుంది.

అసైన్‌మెంట్‌లో నేను తీసుకున్న వస్తువు జిప్పులు, హెచ్‌ఎస్ 9607. ఎగుమతి ఫ్యాక్టరీలకు వెళ్లే జిప్పుల మీద సుంకం తీసేసి, ఒక్క రోజులో పోర్టు దాటిస్తే దుస్తుల ఎగుమతి ఎలా పెరుగుతుందో లెక్కలతో రాశాను. మార్కులు వేసేది తోటి విద్యార్థులే. ఒకరు పదికి మూడు వేసి కింద కామెంట్ పెట్టారు: లోటు తగ్గించమంటే మీరు దిగుమతి పెంచమంటున్నారు, ప్రశ్న సరిగా చదవండి.